నలుగురి పైసలు, ఎవరి పేరు?

కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డలో, కర్ణాటక సరిహద్దున ఉన్న గట్టు మండలం విత్తన పత్తికి పేరు. పంట ఏరిన తర్వాత కూడా రైతు నెలల తరబడి ఆగాలి. మొలక పరీక్షలు దాటితేనే డబ్బు చేతికొస్తుంది. ఆ డబ్బు ఇంతకుముందు భూమిలోకో, బంగారంలోకో, చిట్టీలోకో పోయేది. ఇప్పుడు ఫోన్‌లో షేర్ల ధరలు కూడా కనబడుతున్నాయి.

ఇక్కడ వాదించుకుంటున్నది మేనమామ, మేనల్లుడు. మామ గట్టు మండలంలో విత్తన పత్తి వేసే రైతు. అల్లుడు గద్వాలలో ఆదాయపు పన్ను రిటర్నులు వేసిపెట్టే పని చేస్తాడు. నలుగురు స్నేహితులు డబ్బు కలిపి షేర్లు కొనాలన్నది మామ ఆలోచన. కలపొద్దన్నది అల్లుడి పట్టు.

మామ: ఈసారి సీడ్ పైసలు వచ్చినయి అల్లుడా. మేం నలుగురం ఒక మాట అనుకున్నం. తలా యాభై వేలు వేసి రెండు లక్షలు చేస్తం. మంచి కంపెనీల షేర్లు కొని ఐదేండ్లు ముట్టం. ఖాతా ఒక్కటే తెరుస్తం, మాలో ఫోన్ బాగా తెలిసినోని పేరు మీద. లాభమొస్తే నాలుగు పాళ్లు, నష్టమొచ్చినా నాలుగు పాళ్లు.

అల్లుడు: ఆ ఖాతాలో ఉండే షేర్లు ఎవరివి మామా?

మామ: నలుగురివి. చెప్పిన గదా.

అల్లుడు: ఆ సంగతి మీ నలుగురికి తెలుసు, కంపెనీకి తెలవదు. షేర్లను దాచే డిపాజిటరీ లెక్కలో ఒక్క పేరే ఉంటది. డివిడెండ్ ఆయన బ్యాంకులోకే వస్తది, ఓటు ఆయనదే, అమ్మితే వచ్చే పైసలు ఆయనవే.

మామ: అందుకే కాగితం రాసుకుంటం. వంద రూపాయల బాండు మీద నలుగురం సంతకాలు పెడతం.

అల్లుడు: రాసుకోండి. మీలో మీకు తగాదా వస్తే కోర్టులో అది పనికిరావచ్చు. కంపెనీ మాత్రం దాన్ని చూడదు. ఒకడి పేరు మీద ఉన్న షేరు వెనక ఇంకొకరి హక్కు ఉందన్న సంగతిని కంపెనీ గుర్తించదని 2013 కంపెనీల చట్టంతో ఇచ్చిన నమూనా నియమావళిలోనే ఉంది. నీకిది కొత్తేం కాదు. విత్తనం కంపెనీ పుస్తకంలో నీ పేరుందా?

మామ: ఎక్కడిది? ఆర్గనైజర్ పేరు ఉంటది. కంపెనీతోని ఒప్పందం ఆయనదే. ఫౌండేషన్ విత్తనం ఇచ్చేది ఆయన, పెట్టుబడికి అప్పిచ్చేది ఆయన, మొలక ఫెయిలయింది, రేటు తగ్గిందని చెప్పేది కూడా ఆయనే.

అల్లుడు: పంట నీది, చేను నీది. కంపెనీని నిలదీయాలంటే నీ చేతిలో కాగితం లేదు. ఇన్నేండ్ల నుంచి ఆ బాధ పడుతూ, ఇప్పుడు షేర్లకు కూడా నీ అంతట నువ్వే ఒక ఆర్గనైజర్‌ను తయారు చేసుకుంటున్నవు. నీ దోస్తు మంచోడే, కాదనను. ఆయనకు అప్పులుంటే? బ్యాంకు ఆయన ఆస్తిని జప్తు చేస్తే? రేపు ఆయన లేకపోతే, ఇవి మా నాయనవి అని పిల్లలు అంటే? వాళ్లు అబద్ధం చెప్పినట్టు కూడా కాదు. వాళ్లకు కనిపించే కాగితం మీద ఉండేది వాళ్ల నాయన పేరే.

మామ: ఆర్గనైజర్ వ్యాపారి. ఇతను నాతోని ఒకే బడిలో చదివినోడు. రెండింటినీ ఒక్క గాటన కట్టకు.

అల్లుడు: మనిషిని అనట్లేదు, పేరు ఎక్కడుందో చెప్తున్న. ఇంకొకటి ఉంది, అది ఇంకా పెద్దది. పైసలు ఒకరివి, పేరు ఇంకొకరిది అయితే దాన్ని బినామీ అంటరు.

మామ: బినామీనా! అది లీడర్ల భూములకు గదా. మా యాభై వేలకు బినామీ ఏంది?

అల్లుడు: 1988లో వచ్చిన చట్టం అది, 2016లో గట్టిగా సవరించిండ్రు. ఆస్తి అంటే అందులో భూమి ఒక్కటే కాదు, షేర్లు కూడా వస్తయి. నేరం రుజువైతే ఏడాది నుంచి ఏడేండ్ల దాకా జైలు, ఆస్తి విలువలో నాలుగో వంతు దాకా జరిమానా. మినహాయింపులున్నయి. నీ సొంత సంపాదనతో అత్త పేరు మీద కొనొచ్చు, పిల్లల పేరు మీద కొనొచ్చు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, తల్లిదండ్రుల విషయానికొస్తే, కాగితం మీద వాళ్ల పేరు పక్కన నీ పేరు కూడా ఉమ్మడిగా ఉండాలి. ఉమ్మడి కుటుంబం తరఫున కర్త పెట్టుకోవచ్చు. ధర్మకర్త, భాగస్వామి వంటి బాధ్యతలో ఉన్నోళ్లకూ దారి ఉంది. ఆ జాబితాలో స్నేహితుడు లేడు మామా.

మామ: అంటే రక్తసంబంధమైతే నమ్మకం, దోస్తీ అయితే నేరమా? ఈ ఊర్లో అన్నదమ్ములు పొలం గట్టు తగాదాలతో కోర్టుకు పోయిండ్రు. దోస్తులు పోయింది నేను చూడలే.

అల్లుడు: అది నిజమే. చట్టం నమ్మకాన్ని కొలవదు, పైసలెవరివో పేరెవరిదో చూస్తది. రెండు లక్షలకు ఎవరో వచ్చి పట్టుకుంటరని కాదు. ఐదేండ్ల తర్వాత అది ఇరవై లక్షలు కావాలనే కదా మీ ఆశ. అప్పుడు లెక్క అడిగితే చెప్పుకునేటట్టు ఉండాలె.

మామ: సరే, ఒక్కని పేరు వద్దు. నలుగురి పేర్లూ పెడతం. అప్పుడేమంటవు?

అల్లుడు: షేర్లుండే డీమ్యాట్ ఖాతాలో ముగ్గురికే చోటు. మొదటి హోల్డర్ ఒకరు, ఆయన వెనక ఇంకిద్దరు. నాలుగో మనిషి బయటే.

మామ: ముగ్గురమే చేస్తం అనుకో.

అల్లుడు: అప్పుడు వరుస చూడాలె. ముగ్గురి పేర్లున్నా ముగ్గురూ సమానం కాదు. డివిడెండ్ మొదటి పేరున్నోని ఖాతాకు పోతది. కంపెనీ మీటింగ్‌లో ముగ్గురూ ఓటేస్తమంటే రిజిస్టర్లో ముందున్నోని ఓటే లెక్క. అమ్మకాలు, కొనుగోళ్లు మొదటి మనిషి పాన్ మీద ఆదాయపు పన్ను శాఖకు కనిపిస్తయి. కొని అమ్మే ట్రేడింగ్ ఖాతా ఎట్లాగూ సాధారణంగా ఆయన ఒక్కని పేరునే ఉంటది. ఉమ్మడి అన్న పేరే గాని, పెత్తనం మొదటి పేరుది.

మామ: సంతకం అందరిదీ ఉంటది గదా?

అల్లుడు: ఖాతా తెరిచే ఫారంలోనే అడుగుతరు. అందరూ కలిసి సంతకం పెట్టాల్నా, ఎవరో ఒకరు పెట్టినా చాల్నా అని. అందరూ అంటే, ఒకడు పుణెకు వలస పోయి దొరకకపోయినా, ఒకడు అలిగినా షేర్లు కదలవు. ఎవరో ఒకరు చాలంటే, మిగిలిన ఇద్దరికీ తెలవకుండానే ఒకడు ఇంకో ఖాతాకు పంపించొచ్చు. రెండిట్ల ఏది ఎంచుకుంటవు?

మామ: అందరి సంతకమే. నాకు కావాల్సింది అదే. నువ్వు అడ్డం అనేది నాకు పట్టులెక్క కనిపిస్తున్నది. 2020 మార్చిలో ఏమైంది? 23వ తారీఖున సెన్సెక్స్ ఒక్కనాడే నాలుగు వేల పాయింట్ల దాకా పడ్డది. ఇరవై ఆరు వేల దిగువకొచ్చింది. నాకు తెలిసినాయన కొడుకు హైదరాబాదులో ఉంటడు, భయపడి ఆ వారమే అంతా అమ్మేసిండు. ఆ ఏడు పోయేలోపల అదే సెన్సెక్స్ నలభై ఏడు వేలు దాటింది. ముగ్గురి సంతకం కావాలని ఉంటే ఆ పిల్లగాడు అమ్మేటోడా? ఒక్కడికి భయమైతది. ముగ్గురికి ఒక్కసారే భయం కాదు.

అల్లుడు: ఆ మాట ఒప్పుకుంటా. కానీ తిరగేసి చూడు. 2009 జనవరి 7న సత్యం రామలింగరాజు లెక్కలన్నీ దొంగవని లేఖ రాసిండు. మన తెలుగోళ్ల ఇండ్లలో ఎన్ని కుటుంబాలు ఆ షేర్లు పట్టుకొని ఉండెనో నీకు తెలుసు. ముందురోజు 179 రూపాయలున్నది ఆ సాయంత్రానికి నలభైకి పడ్డది. అట్లాంటి నాడు ముగ్గురి సంతకాలు ఎక్కడ ఏరుకొస్తవు?

మామ: ఆనాడు ఒక్క పేరున్నోడు మాత్రం ఏం అమ్ముకున్నడు? పొద్దున తెలిసేలోపలే పోయింది. ఆ నష్టం నుంచి సంతకం కాపాడదు, ఒకే కంపెనీలో అంతా పెట్టకపోవడమే కాపాడుతది. దానికీ పైసలు కలవాలె. ఒక్కొక్కడి యాభై వేలతో ఎన్ని కంపెనీలు కొంటడు? టైర్ల కంపెనీది ఒక్క షేరే లక్షంట.

అల్లుడు: ఎమ్మారెఫ్. 2023 జూన్‌లో లక్ష దాటింది. మన దేశంలో షేరును ముక్కలు చేసి అర షేరు, పావు షేరు అమ్మరు. అందుకని నీకట్ల అనిపిస్తున్నది. కానీ షేరు ధర పెద్దదైతే కంపెనీ పెద్దదని కాదు. ఎన్ని షేర్లుగా విడగొట్టిండ్రన్నదే ధర. నిఫ్టీలోని యాభై కంపెనీలను ఒక్క యూనిట్‌లో కట్టి అమ్మే ఫండ్లు ఉన్నయి, కొన్ని వందల రూపాయలకు ఒక యూనిట్ వస్తది. యాభై కంపెనీల కోసం నలుగురు కలవనక్కర లేదు.

మామ: ఫండ్ల ముచ్చట నాకు చెప్పకు. యూనిట్ ట్రస్ట్ యూఎస్-64 గుర్తుందా నీకు? నువ్వప్పుడు చిన్నపిల్లగానివి. సర్కారుదే, బ్యాంకు కంటే గట్టిదని చెప్పిండ్రు. 2001 జూలైలో ఆరు నెలలు కొనుడు లేదు, అమ్ముడు లేదని తలుపు మూసిండ్రు. పెన్షన్ పైసలు పెట్టిన సార్లు ఎంత ఏడ్చిండ్రో నేను చూసిన. కోట్ల మంది పైసలు కలిపిన దాన్ని నమ్మమంటవు, నలుగురం కలిపితే వద్దంటవు.

అల్లుడు: మంచి మాట అడిగినవు. యూఎస్-64లో తప్పెక్కడ జరిగింది? లోపలున్న షేర్ల విలువ ఎంతో చూడకుండా యూనిట్ ధర వాళ్లే ప్రకటిస్తుండె. లోపల తగ్గినా బయట ధర నిలబెట్టిండ్రు. ఇప్పుడు ప్రతి ఫండ్ యూనిట్ విలువను మార్కెట్ ధరల ప్రకారం రోజూ కట్టి చెప్పాలె. ఇక్కడ నీకు పనికొచ్చేది ఒకటుంది. పైసలు కలిసినప్పుడు ఎవరి వంతు ఎంతో ప్రతిరోజూ తేలుతుండాలె. మీ నలుగురి ఖాతాలో అది తేలుతదా? రెండో ఏడు ఒకాయన బిడ్డ పెండ్లి ఉందని తన పాలు తీసుకుంటడు. అప్పుడు ధర పైన ఉంటదో, కింద ఉంటదో. ఆ రోజు ధరకు ఇస్తరా, పెట్టిన యాభై వేలే ఇస్తరా?

మామ: పెట్టిందే ఇస్తం. ఐదేండ్లని మాట ఇచ్చి మధ్యల పోయేటోనికి లాభమెందుకు?

అల్లుడు: ధర సగానికి పడ్డనాడు పోతే?

మామ: ...అప్పుడు కూర్చోని మాట్లాడుకుంటం.

అల్లుడు: ఆ మాట్లాడుకునుడు ముందే కావాలె మామా. పన్ను కూడా చూడు. షేరు ఏడాది దాటి అమ్మితే ఒక్కో మనిషికి ఏడాదికి లక్షా పాతిక వేల లాభం దాకా పన్ను లేదు. దాని మీద పన్నెండున్నర శాతం. 2024 జూలై 23 నుంచి ఇదే రేటు. ఏడాది లోపల అమ్మితే ఇరవై శాతం. పత్తి మీద ఆదాయపు పన్ను లేదని ఇవీ అట్లనే అనుకోకు. నలుగురి లాభం ఒక్కని పాన్ మీద పడితే ఒక్క మినహాయింపే కనిపిస్తది, నోటీసు వచ్చినా ఆయనకే వస్తది. ఎవరి పేరు మీద వాళ్లకుంటే నాలుగు మినహాయింపులు, అంటే ఐదు లక్షల లాభం దాకా చిక్కులేదు.

మామ: అన్నీ బతికున్నోళ్ల లెక్కలే చెప్తున్నవు. చచ్చినప్పుడు ఏమైతది? నాకు ఉమ్మడి పేరు ఎందుకు కావాల్నో ఇప్పుడు విను. మా పక్కింటాయన ఒక్కని పేరున షేర్లు పెట్టిండు. నామినీ రాయలే. పోయినంక ఆయన భార్య కాగితాలు పట్టుకొని తిరిగింది. ఒకరు వారసత్వ సర్టిఫికెట్ అంటరు, ఒకరు కోర్టు నుంచి తెమ్మంటరు. రెండో పేరు ఆయమ్మదే ఉంటే ఈ గోస ఉండేదా?

అల్లుడు: ఉండేది కాదు. ఉమ్మడి హోల్డర్లలో ఒకరు పోతే మిగిలినోళ్లనే కంపెనీ గుర్తిస్తది. చావు సర్టిఫికెట్ ఇస్తే ఆ పేరు తీసేసి మిగిలిన పేర్లకు మారుస్తరు. ఉమ్మడి పేరుకున్న అసలు బలం అదే. నేను కాదన్నది దోస్తులతో ఉమ్మడిని. భార్యాభర్తల ఉమ్మడిని నేను వద్దనలే.

మామ: దోస్తులకు కూడా ఆ బలమే కదా?

అల్లుడు: అక్కడే అది తిరగబడతది. మీ ముగ్గురి పేరున ఖాతా ఉంది. నువ్వు పోయినవనుకో, మన్నించు, మాటవరసకు. కంపెనీ మిగిలిన ఇద్దరినే గుర్తిస్తది. అత్తకు అందులో పేరు లేదు. నామినీ రాసినా, ముగ్గురూ పోయినంకనే నామినీకి వస్తది. నీ వంతు మీద వారసులకు హక్కు లేదని కాదు, అది తేల్చుకునేటందుకు అత్త సివిల్ కోర్టుకు పోవాలె. పక్కింటామె పడ్డ గోస నువ్వే తీసుకొచ్చి మన ఇంట్లో పెట్టినట్టయితది.

మామ: నా దోస్తులు ఆమెకు ఇయ్యకుండా ఉంటరా!

అల్లుడు: వాళ్లు ఇస్తరు. వాళ్లు కూడా పోతే వాళ్ల కొడుకులు ఇయ్యాలె. నువ్వు నమ్మింది తండ్రులను, లెక్క తేలేది కొడుకుల కాలంలో.

మామ: ఇదొక్కటి నాకు తగిలింది. ఎందుకో చెప్తా. మా అన్న 1990లల్ల ఇద్దరు దోస్తులతో కలిసి ఒక పబ్లిక్ ఇష్యూలో షేర్లు తీసుకున్నడు. కాగితం షేర్లు. మొదటి పేరు ఇంకొకాయనది, అడ్రసు ఆయనది. ఆయన ఊరు విడిచిపోయిండు. ఉత్తరాలు ఎటు పోయినయో తెలవదు. మిగిలిన ఇద్దరు చచ్చిపోయిండ్రు, కాగితం మా ఇంట్లో ఉంది. మొన్న మా పిల్లగాడు చూసి, ఇవి సర్కారు ఫండ్‌కు పోయినయి అన్నడు. నిజమేనా?

అల్లుడు: పోయి ఉంటయి. వరుసగా ఏడేండ్లు డివిడెండ్ ఎవరూ తీసుకోకపోతే ఆ డివిడెండ్‌తో పాటు షేర్లు కూడా ఇన్వెస్టర్ ఎడ్యుకేషన్ అండ్ ప్రొటెక్షన్ ఫండ్‌కు మళ్లిస్తరు. హక్కు పోదు, అడిగి తెచ్చుకోవచ్చు. దానికి ఐఈపీఎఫ్-5 ఫారం ఉంది. కానీ ముందు ఆ ముగ్గురిలో ఎవరు బతికి ఉన్నరు, పోయినోళ్ల చావు సర్టిఫికెట్లు ఏవి, బతికున్నాయన పాన్ ఏది అని అడుగుతరు. కాగితం షేర్లను 2019 ఏప్రిల్ నుంచి చేతులు మార్చనియ్యట్లేదు కూడా. డీమ్యాట్ కావాల్సిందే. ఆ ఊరు విడిచిన పెద్దమనిషిని వెతుకు. బతికుంటే కాగితం మీద ఇప్పుడు ఆ షేర్లకు హోల్డర్ ఆయనొక్కడే. కాగితం మీ ఇంట్లో ఉన్నంత మాత్రాన మీవి కావు.

మామ: మరి ఉమ్మడి కుటుంబం పేరుతోనే తీసుకుంటే? దోస్తులొద్దు, మిగిలిన మేం అన్నదమ్ములమే.

అల్లుడు: హెచ్‌యూఎఫ్ ఖాతా తెరవొచ్చు, కర్తగా నువ్వు సంతకం పెట్టొచ్చు. కానీ ఆ ఖాతాకు నామినీ ఉండడు, వేరే పేరును ఉమ్మడిగా చేర్చనియ్యరు. అందులో మా అమ్మకు కూడా పాలుందని మరువకు. ఎన్టీఆర్ సర్కారు తెచ్చిన సవరణతో 1985 సెప్టెంబర్ నుంచే ఆంధ్రప్రదేశ్‌లో పెండ్లికాని ఆడపిల్లలు కొడుకులతో సమానంగా ఉమ్మడి ఆస్తిలో హక్కుదార్లయిండ్రు. దేశమంతా ఆడబిడ్డలందరికీ ఆ హక్కు వచ్చింది 2005లో.

మామ: మా చెల్లెకు నేను ఎప్పుడన్నా లేదన్ననా?

అల్లుడు: నువ్వు అనలే. ఖాతా తెరిచేటప్పుడు అన్నదమ్ములమే అన్నవు.

మామ: నోరు జారితే పట్టుకుంటవు. సరే, నామినీ అన్నవు గదా. నామినీ రాస్తే ఆ షేర్లు నామినీవేనా?

అల్లుడు: కాదు. ఇది చాలామంది తప్పుగా అనుకుంటరు. శక్తి యజ్దానీ కేసులో 2023 డిసెంబర్ 14న సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. నామినీ అంటే కంపెనీ నుంచి తీసుకునేటందుకు నిలబడ్డ మనిషి. సొంతం అయ్యేది వారసత్వ చట్టం ప్రకారమో, వీలునామా ప్రకారమో. ఇప్పుడు పదిమంది దాకా నామినీలను, ఎవరికెంత శాతమో రాయొచ్చు. అది త్వరగా బయటికొచ్చేటందుకు పనికొస్తది, తగాదా తీర్చదు. నేను చెప్పేది ఇంతే మామా. ఉమ్మడి పేరైనా, నామినీ అయినా, మనిషి పోయినప్పుడు ఆదుకునేటందుకు పెట్టినయి. బతికున్నోళ్లు పంచుకునేటందుకు పెట్టినయి కావు. నువ్వు ఒకదాని కోసం చేసింది ఇంకొకదానికి వాడదామంటున్నవు.

మామ: అట్లయితే బతికున్నోళ్లు కలిసేటందుకు ఏం పెట్టిండ్రు? మన దిక్కు చేనేతోళ్లు సొసైటీలు పెట్టుకున్నరు, గద్వాల చీరకు పేరొచ్చింది. ఆడోళ్లు సంఘాలు పెట్టుకొని నెలనెలా పొదుపు చేసుకుంటున్నరు. కలవకుండా పేదోడు ఎట్ల లేస్తడు? నీ చట్టం ఎవనికి వాణ్ని విడగొడుతున్నది.

అల్లుడు: సొసైటీకి, సంఘానికి సొంత పేరుంది, సొంత పుస్తకం ఉంది. అందులో ప్రతి సభ్యుని పేరుంది. నలుగురి ఖాతాకు లేనిది అదే. నిజంగా పైసలు కలపాలంటే దారులున్నయి. భాగస్వామ్య సంస్థ పెట్టొచ్చు, కానీ షేర్లను సంస్థ పేరున పెట్టనియ్యరు, భాగస్థుల పేర్లే మళ్లీ. 2008 చట్టం కింద ఎల్‌ఎల్‌పీ పెడితే దానికి సొంత పేరుంటది, దాని పేరునే షేర్లు కొనొచ్చు. ఏటా లెక్కలు దాఖలు చేయాలె, తప్పితే అపరాధ రుసుము. రెండు లక్షలకు ఆ ఖర్చు గిట్టదు. పదిమంది రైతులు కలిస్తే ప్రొడ్యూసర్ కంపెనీ పెట్టొచ్చు. ఎన్ని షేర్లున్నా మనిషికొక్క ఓటు. కానీ అది పంట అమ్ముకునేటందుకు, షేర్ మార్కెట్ ఆడేటందుకు కాదు.

మామ: అది పెడితే ఆర్గనైజర్ లేకుండా కంపెనీతో మేమే మాట్లాడొచ్చా?

అల్లుడు: మాట్లాడొచ్చు. కాగితం మీద మీ పేరుంటది. కంపెనీ ఒప్పుకుంటదా లేదా అన్నది వేరే పోరాటం. నన్నడిగితే రెండు లక్షలు దానికి పెట్టు అంటా.

మామ: ఆ ముచ్చట ఇంకోనాడు. ఇప్పుడు షేర్ల సంగతి తెంపు.

అల్లుడు: నలుగురు నాలుగు ఖాతాలు తెరవండి. నెలకోసారి కూర్చోండి. ఏది కొనాల్నో, ఎందుకు కొనాల్నో కలిసి తేల్చుకోండి. కొనేటప్పుడు ఎవరి పైసలతో వాళ్లు, ఎవరి పేరున వాళ్లు. తెలివి కలపండి, పైసలు కలపకండి. ఎవరన్నా 'నాకియ్యండి, నేను పెట్టి నెలకింత ఇస్తా' అంటే మాత్రం దండం పెట్టి రండి. అగ్రిగోల్డ్ కంపెనీలో లక్షల మంది అట్లనే మునిగిండ్రు. అనుమతి లేకుండా జనం దగ్గర డిపాజిట్లు తీసుకునుడు 2019 చట్టం ప్రకారం నేరం.

మామ: నీ మాటలో ఒక లొసుగుంది. నలుగురిలో ఒకాయనకు చదువు రాదు. ఫోన్‌లో పచ్చ, ఎరుపు తప్ప ఏమీ తెలవదు. ఒక్క ఖాతా అయితే ఆయన మా వెనక నడిచేటోడు. వేరువేరు అంటే ఆయన మొత్తానికే రాడు, లేకపోతే ఫోను, ఓటీపీ ఎవనికో ఇస్తడు. అప్పుడు నువ్వు భయపడ్డదే జరుగుతది.

అల్లుడు: దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఆయన పేరున ఫండ్ తీసుకొని, నెలనెలా బ్యాంకు నుంచి దానంతటదే కట్ అయ్యేటట్టు పెట్టొచ్చు. రోజూ ఫోన్ ముట్టే పని ఉండదు. ఆయన భార్యకు చదువొస్తే ఆమె రెండో పేరు. ఓటీపీ మాత్రం ఎవరికీ ఇయ్యొద్దు, మేనల్లుడైనా సరే.

మామ: భార్య పేరంటే యాదికొచ్చింది. మా ఇంట్లో ఖాతాకు మొదటి పేరు మీ అత్తది పెడదామనుకుంటున్న, రెండోది నాది. పత్తి క్రాసింగ్ కాలమంతా సాయంత్రం మొగ్గలు ఒలిచింది ఆమె, పొద్దున మగపూలు రుద్దింది ఆమె. పైసలొచ్చేటప్పుడు పేరు నాది. ఇది కూడా నీ ఆర్గనైజర్ కథే గదా?

అల్లుడు: అదే కథ. మంచి ఆలోచన. ఒక్క ముచ్చట చూసుకో. పైసలు నీ ఖాతా నుంచి ఆమెకు ఊరికే ఇచ్చి షేర్లు కొంటే, వాటి మీద వచ్చే ఆదాయాన్ని నీ ఆదాయంలోనే కలిపి పన్ను వేస్తరు. ఆమె కూలిని కూలిగా లెక్కకట్టి, ఆమె బ్యాంకు ఖాతాలోకి పంపి, అక్కడి నుంచి కొను. అప్పుడు పేరూ ఆమెది, పైసలూ ఆమెవి.

మామ: ఇంటి మనిషికి కూలి లెక్క కట్టాల్నా?

అల్లుడు: బయటి మనిషికి కడుతున్నవు గదా.

మామ: కట్టినంక ఆమె ఏం కొనమంటే అదే కొనాలె, నా మాట వినదు.

అల్లుడు: మొదటి పేరు ఆమెదే కావాలన్నది నువ్వే.

మామ: సరే, ఓడిపోయిన అనను. దోస్తులను నమ్మొద్దన్న మాట నేను ఇప్పటికీ ఒప్పుకోను. పేరు లేకపోతే వాళ్ల పిల్లలకు, నా పిల్లలకు చిక్కన్న మాట ఒప్పుకుంటా. నాలుగు ఖాతాలే తెరుస్తం. సోమవారం నలుగురం పాన్ కార్డులు, ఆధార్ పట్టుకొని గద్వాలకు వస్తం. కానీ ఐదేండ్ల లోపల మిగిలిన ముగ్గురికి చెప్పకుండా ఎవడూ అమ్మొద్దని ఒక కాగితం రాసుకుంటం. అది కంపెనీ చూడదని నువ్వు అన్నా సరే.

అల్లుడు: కంపెనీ చూడదు మామా. రాసుకోండి. బిడ్డ పెండ్లి, దవాఖాన, ఈ రెండిటికి మాత్రం అడగకుండా అమ్ముకోవచ్చని కింద ఇంకో లైను పెట్టండి.